‘శాపలు పడయ్ సారు’: మా స్కానింగ్ సెంటర్లో ఒక డై రియాక్షన్

మిరుగం మరుసటి రోజు. మృగశిర కార్తె నాడు చేప వండని ఇల్లు నల్లగొండలో తక్కువే. మా స్టాఫ్ టిఫిన్ బాక్సుల్లో కూడా నిన్నటి పులుసే. ఈ సంగతి మొదట్లోనే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కేసులో చేపకు పెద్ద పాత్ర ఉంది. అది ఏ పాత్రో నాకు సాయంత్రానికి గానీ అర్థం కాలేదు.

పేషెంటును గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను. వయసు 54. మర్రిగూడ వైపు ఊరు. కొడుకుతో కలిసి చండూరు మీదుగా పొద్దుటి బస్సులో వచ్చింది. నెల రోజులుగా అప్పుడప్పుడు మూత్రంలో రక్తం పడుతోంది, నొప్పి మాత్రం లేదు. అల్ట్రాసౌండ్‌లో ఎడమ కిడ్నీ కింది భాగంలో సుమారు 4 సెంటీమీటర్ల గడ్డ కనబడితే యూరాలజిస్టు కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి డై ఎక్కించి తీసే స్కాన్) రాశాడు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ 500 పూటకొకటి చొప్పున రెండు పూటలా వాడుతుంది. బీపీ లేదు, ఆస్తమా లేదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, 1.3.

డై లేకుండా తీస్తే కుదరదా అని కొడుకు అడిగాడు. ‘డై ఎక్కిస్తే కిడ్నీలు పోతాయంట కదా సార్?’ వారానికి ఐదారుసార్లు వినే ప్రశ్నే ఇది. డై లేని సీటీలో కిడ్నీ గడ్డ బూడిద రంగు ఉండలా కనిపిస్తుంది, అంతే. అది నీటి తిత్తా, గట్టి గడ్డా, దానికి రక్తం అందుతోందా అన్నది తేలాలంటే డై ఎక్కక ముందు, ఎక్కాక దాని సాంద్రత కొలిచి చూడాలి. 20 యూనిట్లకు మించి పెరిగితే రక్తనాళాలున్న గడ్డ అని లెక్క. ఆపరేషన్ చెయ్యాలా వద్దా అన్నది ఆ అంకె మీద ఆధారపడుతుంది. (డై అంటాం గానీ దానికి రంగుండదు. నీళ్లలా ఉంటుంది, వేలికంటితే కొంచెం జిగురు.) కొడుకు ఒప్పుకున్నాడు. ఇంగ్లిషులో ఉన్న ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టింది కూడా అతనే.

పొద్దున నేను చూసినవి, చూడనివి

రాత్రి పది నుంచి ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు. ‘స్కానింగ్ అంటే ఏం తాగొద్దన్నరు’ అంది. జూన్ ఎండ, మూడు గంటల బస్సు, షుగర్ పేషెంటు. ఇప్పుడు వాడే నాన్ అయానిక్ డైలకు పరగడుపున ఉండాల్సిన పని లేదని యూరప్ రేడియాలజీ గైడ్‌లైన్లు చెప్పి చాలా ఏళ్లయింది. మన దగ్గర అపాయింట్‌మెంట్ చీటీల మీద ఆ మాట ఇంకా అచ్చవుతూనే ఉంది, మా చీటీ మీద కూడా. దానికితోడు ఊళ్లో ఎవరో చెబితే మూడు రోజుల ముందు నుంచే మెట్‌ఫార్మిన్ మానేసింది. షుగర్ 286.

క్రియాటినిన్ 1.3 పక్కన ల్యాబ్ వాళ్లు చుక్క గుర్తు పెట్టలేదు, వాళ్ల హద్దు 1.4 కాబట్టి. కానీ 54 ఏళ్ల ఆడమనిషికి 1.3 అంటే కిడ్నీ వడపోత నిమిషానికి 49 మిల్లీలీటర్ల దాకా పడిపోయిందని అర్థం. అంటే దాదాపు సగానికి. రక్తనాళంలోకి ఇచ్చే డై విషయంలో ఇప్పుడు అందరూ గట్టిగా భయపడే హద్దు 30. కాబట్టి 49 దగ్గర డై ఇవ్వడంలో తప్పు లేదు, మెట్‌ఫార్మిన్ ఆపాల్సిన అవసరమూ లేదు. అయితే 49 ఎందుకైంది అని నేను అడగలేదు.

టెక్నీషియన్ ఫారం నింపుతూ ‘అలర్జీ ఏమన్నా ఉందా అమ్మా?’ అన్నాడు. లేదంది. ‘తిండిలో ఏమన్నా పడదా?’ అన్నాడు.

‘శాపలు పడయ్ సారు.’

అతను ఫారం పట్టుకుని నా గదికి పరుగెత్తుకొచ్చాడు. చేపలు పడనివాళ్లకు డై పడదని అతనికి ఎక్కడో నేర్పారు. ఈ భ్రమ మీద నాకు పాత కోపం ఉంది. అతన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. చేప పడనివాళ్లకు పడనిది పార్వాల్బుమిన్ అనే ప్రొటీన్, రొయ్య పడనివాళ్లకు పడనిది ట్రోపోమయోసిన్. రెండింట్లోనూ దోషం అయోడిన్‌ది కాదు. అయోడిన్ ఉప్పులో ఉంది, మన థైరాయిడ్ హార్మోన్‌లో ఉంది. అయోడినే పడకపోతే మనిషి బతకడు. డై రియాక్షన్‌కు మూలం డై అణువే గానీ అందులోని అయోడిన్ కాదు. చెప్పిన ప్రతి మాటా నిజమే. ఇప్పటికీ అవే మాటలు చెబుతాను. కాకపోతే పాఠం అయిపోయాక ఇంకొక్క ప్రశ్న వెయ్యాల్సింది. పాఠం చెప్పిన ఊపులో ఫారం మీద సంతకం గీకేశాను.

మా సెంటర్లో అప్పటికి టెస్ట్ డోస్ అలవాటు కూడా ఉండేది. ముంజేతి చర్మంలోకి చుక్కంత డై ఇచ్చి పదిహేను నిమిషాలు చూడడం. చూశారు. ఏమీ రాలేదు. ‘టెస్ట్ డోస్ ఓకే సార్’ అని టిక్కు పడింది.

మూడో నిమిషం

కుడి మోచేతి మడతలో 20 గేజ్ క్యాన్యులా పెట్టాం. అయోహెక్సాల్ 350 అనే డైని ఒంటి వేడికి వెచ్చబెట్టి 80 మిల్లీలీటర్లు, సెకనుకు 3 చొప్పున ఎక్కించాం. ముందే చెప్పాను: ‘అమ్మా, ఒళ్లంతా వేడి పుడుతుంది, నోట్లో ఇనుము రుచొస్తది, మూత్రం పోయినట్టు అనిపిస్తది. పోదు. భయపడొద్దు.’ ఈ చివరి మాట చెప్పకపోతే ఆడవాళ్లు సిగ్గుతో కదులుతారు, స్కాన్ పాడవుతుంది.

మొదటి రెండు దశలు బాగా వచ్చాయి. గడ్డ సాంద్రత 34 నుంచి 112కు పెరిగింది. మూత్రనాళాల దశ కోసం ఆగి ఉన్నాం. అద్దంలోంచి చూస్తే ఆమె మెడ గోక్కుంటోంది. లోపలికి వెళ్లేసరికి మెడ, ఛాతీ మీద రూపాయి బిళ్లలంత దద్దుర్లు. దగ్గు మొదలైంది. గొంతు మారింది. ‘పానం పోతంది సారు’ అంది. బీపీ 70/40, నాడి 132, ఆక్సిజన్ 86.

నర్సు చేతిలో అప్పటికే సిరంజి ఉంది. ఎవిల్, అలర్జీ సూది. పక్కనే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ కలుపుతున్నారు. మన దగ్గర ఏ రియాక్షన్‌కైనా చెయ్యి ముందుగా పోయేది ఈ జంట మందుల మీదికే. ఎవిల్ దురద తగ్గిస్తుంది గానీ పడిపోయిన బీపీని లేపలేదు. స్టెరాయిడ్ పనిచెయ్యడానికి గంటలు పడుతుంది. దద్దుర్లతో పాటు బీపీ పడినా, ఊపిరి పట్టినా మొదటి మందు అడ్రినలిన్: 1 మిల్లీగ్రాము ఆంప్యూల్‌లోంచి అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు కండలోకి. నరంలోకి కాదు. పలచబరచకుండా నరంలోకి ఒక్కసారిగా ఇస్తే గుండె లయ తప్పుతుంది. ఆ భయంతోనే చాలామంది అసలు ఇవ్వకుండా ఆగిపోతారు. కండలోకి ఇచ్చేదానికి ఆ భయం అక్కర్లేదు.

కాళ్లు ఎత్తిపెట్టాం, ఆక్సిజన్ పెట్టాం, సెలైన్ పూర్తిగా వదిలాం. ఐదు నిమిషాలకు బీపీ 80 దాటలేదు. రెండో అర మిల్లీలీటరు ఇచ్చాం. పిల్లికూతలకు సాల్బుటమాల్ నెబ్యులైజర్. ఎవిల్, స్టెరాయిడ్ ఆ తర్వాతే. పన్నెండో నిమిషానికి 102/60. లీటరు సెలైన్ అయిపోయింది. కొడుకు తలుపు బయట నిలబడి చూస్తున్నాడు. ఆ పన్నెండు నిమిషాల్లో అతనితో ఒక్క ముక్క మాట్లాడలేకపోయాం. అంబులెన్సులో ఐసీయూకు పంపాం. ఇలాంటి రియాక్షన్ సద్దుమణిగాక కొన్ని గంటలకు మళ్లీ లేవొచ్చు, అందుకే రాత్రంతా ఉంచాల్సిందే.

తర్వాత కెమెరా రికార్డు తీసి చూశాను. దద్దుర్లు కంటబడినప్పటి నుంచి అడ్రినలిన్ తొడలో దిగేదాకా నాలుగు నిమిషాలు. ఎందుకంటే ట్రాలీలో ఎవిల్ పై అరలో ఉంది, అడ్రినలిన్ కింది అరలో, కాటన్ కట్టల వెనక. మనం ఏ మందును నమ్ముతామో ట్రాలీ సర్దిన తీరు చూస్తే తెలుస్తుంది. ఇంకో తప్పు: ట్రిప్టేజ్ (ఇలాంటి రియాక్షన్‌లో రక్తంలో పెరిగే పదార్థం) పరీక్షకు గంటా రెండు గంటల్లోపు రక్తం తియ్యాల్సింది, అది నిజమైన అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ, అని కాగితం మీద ఉండేది. ఎవరికీ గుర్తురాలేదు.

ఐసీయూలో సాయంత్రం

ఆరింటికి వెళ్లాను. లేచి కూర్చుని ఉంది, పెదాలకు కొంచెం వాపు మిగిలింది. ఊరికే మాటవరసకు అడిగాను: ‘చేపలు ఎప్పట్నుంచి పడవమ్మా? చిన్నప్పట్నుంచా?’

‘ఎక్కడిది సారు! మా తల్లిగారిల్లు చెర్వు కట్ట మీదనే. దినాం అవే తింటుంటిమి. గప్పుడు పట్నం పోయినప్పట్నుంచే పడయ్.’

పట్నం అంటే హైదరాబాద్. మూడేళ్ల కింద కడుపునొప్పికి పోయిందట. ‘మిరుగం నాడు శాపలు తిన్న. తెల్లారి గా మిషిన్ల పండవెట్టిండ్రు. సూది ఎక్కంగనే ఒళ్లంత దద్దులు లేషినయ్, గొంతుక పట్టింది. నిన్న ఏం తిన్నవమ్మా అన్నరు. శాపలు తిన్న అన్న. గదే పడలేదు, ఇంక ముట్టకు అన్నరు. ఇగ ముట్టలే.’

ఆ ఆస్పత్రి కాగితాలు ఇంట్లో లేవు. డిశ్చార్జి సమ్మరీలో ఈ సంగతి రాశారో లేదో కూడా తెలియదు. ఆమె దగ్గర మిగిలిన రికార్డల్లా ఆ ఒక్క మాటే, శాపలు పడయ్. మూడేళ్లు దాన్ని జాగ్రత్తగా దాచుకుని మా టెక్నీషియన్‌కు అప్పజెప్పింది. అతను భయపడ్డాడు. భయానికి అతను చెప్పిన కారణం తప్పే, కానీ భయం తప్పు కాదు. కారణం తెలిసిన నేను ఆ భయాన్ని కొట్టిపారేశాను.

డై ఇచ్చేముందు తెలుసుకోవాల్సిన విషయాలన్నిటిలో బరువైనది ఇదే: అదే జాతి డైకి ఇంతకుముందు రియాక్షన్ వచ్చిందా? ఆస్తమా, ఇతర అలర్జీలు ప్రమాదాన్ని కొంత పెంచుతాయి, కానీ దీనికి సాటి రావు. ఆ ఒక్క ప్రశ్నా మా ఫారంలో లేదు. ‘అలర్జీ ఉందా’ అని ఉంది. ఆమె భాషలో అలర్జీ అన్న మాటే లేదు. పడుతుంది, పడదు అని ఉంది, దద్దులు లేచుడు ఉంది, గొంతు పట్టుడు ఉంది.

ఇక టెస్ట్ డోస్. అది వేసినందువల్ల మాకు దక్కింది ధైర్యం ఒక్కటే. ఆ చుక్కకు ఏమీ కాకపోయినా 80 మిల్లీలీటర్లకు కావచ్చు. ఆ చుక్కకే ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆ రోజు నుంచి మా దగ్గర మానేశాం. కొందరు రిఫరింగ్ డాక్టర్లు ఇప్పటికీ ‘టెస్ట్ డోస్ వెయ్యలేదా?’ అని ఫోన్ చేస్తారు.

ఎంత అరుదో కూడా చెప్పాలి, లేకపోతే ఇది చదివి డై వద్దనేవాళ్లు పెరుగుతారు. జపాన్ వాళ్లు 3,37,647 మంది మీద తీసిన లెక్కను 1990లో ప్రచురించారు. పాత అయానిక్ డైలతో 12.66 శాతం మందికి ఏదో ఒక రియాక్షన్ వచ్చింది, నాన్ అయానిక్ డైలతో 3.13 శాతం మందికి. తీవ్రమైనవి 0.22 నుంచి 0.04 శాతానికి దిగాయి. ఇప్పుడు మనం వాడేవి రెండో రకమే. 0.04 శాతం అంటే 2,500 మందిలో ఒకరు. పైగా చాలావరకు మొదటిసారి ఎక్కించినప్పుడే వస్తాయి, ముందు చెప్పే గుర్తు ఏదీ ఉండదు. ఈ కేసులో మాత్రం గుర్తు ఉంది.

ప్లాస్టిక్ కవరు

రెండో రోజు క్రియాటినిన్ 1.6. నలభై ఎనిమిది గంటల్లో 0.3 పెరిగితే దాన్ని కిడ్నీ దెబ్బ కిందే లెక్కేస్తారు. కొడుకు ముఖం చూడలేకపోయాను. ‘నేను చెప్పలే సార్?’ అన్నాడు. మెట్‌ఫార్మిన్ అప్పుడు ఆపించాం, కారణం ఇప్పుడుంది కాబట్టి.

దోషం డైదేనా? ఫిజీషియన్ ‘ఇంట్లో వాడే మందులన్నీ తెండి’ అంటే కొడుకు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. షుగర్ గోలీల కింద, రేకు చింపిన విడి గోలీలు గుప్పెడున్నాయి. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చేవి. రోజూ రెండు. నొప్పి ఎక్కువైన వారం ఒక సూది. చూడగానే గుర్తుపట్టినది డైక్లోఫెనాక్, నొప్పి మాత్ర. ఎన్నేళ్లుగా? ‘శాన ఏండ్లాయె.’

మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు నుంచి వచ్చేవాళ్ల సీటీలో కిడ్నీ చూడకముందే వెన్నెముక చూస్తే ఊరు చెప్పొచ్చు. ఈమె పూసలూ సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి, కటి ఎముకల దగ్గర లిగమెంట్లు ఎముకగా గట్టిపడ్డాయి. ఫ్లోరోసిస్, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు. ఇప్పుడు ఇంటికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి సరే, నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగిన ఎముక మళ్లీ మెత్తబడదు. ఆ నొప్పికి గోలీ తప్ప దారి లేదు. ఆ గోలీయే కిడ్నీని 49కి దించి ఉండాలి. మీద రాత్రంతా నీళ్లు లేవు, బీపీ పన్నెండు నిమిషాలు పడిపోయి ఉంది, 80 మిల్లీలీటర్ల డై. ఇన్ని కలిసినచోట డై ఒక్కదాన్నే బోనెక్కించలేం. వదిలెయ్యనూ లేం. ఇప్పుడు పుస్తకాల్లో కూడా ‘డై వల్ల వచ్చిన’ అనకుండా ‘డై తర్వాత వచ్చిన’ కిడ్నీ దెబ్బ అని జాగ్రత్తగా రాస్తున్నారు. సెలైన్ తప్ప ప్రత్యేకమైన చికిత్స ఏమీ ఇవ్వలేదు. డై నుంచి కిడ్నీని కాపాడుతుందని ఇచ్చే ఎన్ ఎసిటైల్ సిస్టీన్ రాద్దామని ఒకరన్నారు. యాంజియో పేషెంట్ల మీద చేసిన పెద్ద ట్రయల్లో దానివల్ల లాభం లేదని 2018లోనే తేలింది కాబట్టి వద్దన్నాం.

ఐదో రోజు 1.4. గోలీలు మాన్పించి, నొప్పికి పారాసెటమాల్, ఫిజియోథెరపీ పెట్టాక రెండు వారాలకు 1.1. అంటే వడపోత 60 దగ్గరికి వచ్చింది, స్కాన్‌కు ముందున్నదాని కంటే మెరుగు. ‘డై ఎక్కించినంక కిడ్నీ బాగైంది’ అని కొడుకు ఇప్పుడు ఊళ్లో చెబుతున్నాడట. అదీ నిజం కాదు, కానీ నేను దిద్దబోలేదు.

తర్వాత

హైదరాబాద్‌లో గడ్డ వరకే తీసి కిడ్నీని నిలిపారు. బయాప్సీలో క్యాన్సరే, కిడ్నీ దాటలేదు. సర్జన్ ఆరు నెలలకు మళ్లీ కాంట్రాస్ట్ స్కాన్ రాశాడు. ఇక్కడ మాకు చర్చ జరిగింది. ముందురోజు నుంచి స్టెరాయిడ్ ఇచ్చి, వేరే డై, అయోడిక్సనాల్ లాంటిది, వాడొచ్చని ఒక దారి. దద్దుర్లతో సరిపోయిన రియాక్షన్ అయితే నేనూ అదే అనేవాణ్ణి. అందులోనూ డై మార్చడమే స్టెరాయిడ్ కంటే ఎక్కువ కాపాడుతుందని ఇప్పుడు నమ్ముతున్నారు. కానీ బీపీ 70కి పడిన మనిషి. స్టెరాయిడ్ వేసుకున్నా రియాక్షన్ దాన్ని దాటుకుని రావొచ్చు. వేరే దారి ఉన్నప్పుడు ఆ పందెం ఎందుకు? ఊపిరితిత్తులకు డై లేని సీటీ, కడుపుకు గాడోలినియంతో ఎంఆర్‌ఐ తీద్దామన్నాం. గాడోలినియం ఎంఆర్‌ఐలో ఎక్కించే డై, వేరే జాతి మందు. అయోడిన్ డై పడనివాళ్లకు అది పడకూడదని ఏం లేదు. కిడ్నీలు బాగా చెడినవాళ్లకు పాత రకం గాడోలినియంతో చర్మం గట్టిపడే జబ్బు వస్తుందని 2006లో బయటపడింది. వడపోత 60 ఉన్న మనిషికి, ఇప్పటి వలయాకారపు అణువులతో, ఆ బెంగ లేదు. పది మిల్లీలీటర్లు ఇచ్చాం. అడ్రినలిన్ ట్రాలీ పై అరలో ఉంది. నేను గంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. ఏమీ కాలేదు, గడ్డ తిరిగి రాలేదు.

ఫారం మార్చాం, తెలుగులో. మొదటి ప్రశ్న: ‘ఇంతకుముందు ఎప్పుడన్నా మిషన్లో పడుకోబెట్టి సూది మందు ఎక్కించారా? ఎక్కించినప్పుడు, ఆ తర్వాత ఏమైంది?’ రెండోది: ‘ఏది పడదో చెప్పండి. ఎప్పట్నుంచి పడదు? ఆ రోజు ఏం జరిగింది?’ మూడోది నొప్పుల గోలీల గురించి, కవరు తెచ్చి చూపించమని. ‘మంచినీళ్లు తాగి రండి’ అని అపాయింట్‌మెంట్ చీటీ మీద పెద్ద అక్షరాల్లో వేయించాం. ఫారం నింపడానికి ముందు రెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఏడెనిమిది. రద్దీ రోజున టెక్నీషియన్లు విసుక్కుంటారు. ఒక్కోసారి నేనూ.

ఆమెకు అట్టముక్క మీద తెలుగులో, ఇంగ్లిషులో రాసి ల్యామినేషన్ చేయించి ఇచ్చాం. అయోహెక్సాల్ పేరు, తేదీ, బీపీ ఎంతకు పడింది, ఏ మందుతో లేచింది. ఆధార్ కార్డుతో కలిపి రవిక లోపలి సంచిలో పెట్టుకుంటుంది. ఎంఆర్‌ఐ రోజు ఎవరూ అడగకముందే తీసి చూపించింది. పనిలో పనిగా మళ్లీ చెప్పాను: ‘అమ్మా, నీకు పడనిది ఆ సూది మందు. చేపల తప్పేం లేదు. నువ్వు చిన్నప్పట్నుంచీ తిన్నవే కదా.’

నవ్వి అట్టముక్క సంచిలో పెట్టుకుంది. ‘నువ్వు మంచిగనే చెప్తవ్ సారు. మల్ల దద్దులు లేస్తే గోక్కునేది నేను గదా.’

కొడుకును అడిగితే చెప్పాడు, ఈ మిరుగానికి కూడా వాళ్లమ్మ పప్పుచారుతోనే తిన్నదట.